మళ్లీ కాలేజీకి పోయే కూతురు: ఇంటి పని, కాలేజీ పని

చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలు మన వైపు కొత్త కాదు. వాన రాని ఏడు, బోరు ఎండిన ఏడు, అక్క పెళ్లి అయిన ఏడు, ఇట్లా ఏదో ఒక ఏడు ఎవరో ఒకరి చదువును మింగుతూనే ఉంటుంది. మగపిల్లవాడైతే ఒకటి రెండేళ్లకు మళ్లీ చేరతాడు. ఆడపిల్ల చేరటం తక్కువ. ఇక ఆ ఆడపిల్లకు ప్రమాదం వల్లనో జబ్బు వల్లనో అంగవైకల్యం ఏర్పడి, ఆ తరువాత ఒకరోజు "నేను మళ్లా కాలేజీకి పోతా" అని అడిగితే, ఇంట్లో ఎవరూ వెంటనే జవాబు చెప్పరు. వద్దని అనరు. సరేనని కూడా అనరు. "చూద్దాంలే" అంటారు.

ఈ వ్యాసం ఆ "చూద్దాంలే" గురించి. ఆ మాటలో ప్రేమ లేదని నేను అనను. ప్రేమ ఉంది, భయమూ ఉంది. ఏం చేయాలో తెలియకపోవటం అన్నిటికంటే ఎక్కువ ఉంది. తెలియనిదాన్ని తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. కాబట్టి ఈ సంగతిని ఒక పాఠంలాగా విడదీసి చూద్దాం. ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను: కూతురికి తోడుగా నిలవటం అంటే ఆమెను మోసుకుపోవటం కాదు. ఆమె దారిలో ఉన్న అడ్డంకులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి తీసివేయటం, తన సంగతి తాను మాట్లాడే పనిని ఆమెకే వదిలిపెట్టటం.

ఒక ఉదాహరణ అనుకుందాం

లెక్కల పుస్తకంలో "ఒక రైతుకు పది ఎకరముల పొలము కలదు" అని మొదలుపెడతారు. ఆ రైతు ఎవరని మనం అడగం. అట్లాగే మనమూ ఒక ఉదాహరణ అనుకుందాం. లింగాలలో ఒక ఇల్లు. నాయనకు కాస్త అరటి తోట, కొన్ని చీనీ చెట్లు. కూతురు పులివెందులలో బి.ఎస్‌సి. రెండో సంవత్సరం చదువుతుండగా మోటారు సైకిలు ప్రమాదంలో వెన్నెముకకు దెబ్బ తగిలింది. ఏడాదిన్నర ఆస్పత్రులు, ఫిజియోథెరపీ. ఇప్పుడు చంక కర్రలతో ఇల్లంతా తిరుగుతుంది. దూరమైతే చక్రాల కుర్చీ కావాలి. కుడి చెయ్యి ఎక్కువసేపు రాస్తే పట్టేస్తుంది. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. ఆగిపోయిన చోటు నుంచి పాఠాలు అప్పజెప్పగలదు.

వెనుకటి తరంలో అంగవైకల్యం అనగానే అందరికీ పోలియో గుర్తుకు వచ్చేది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. అంటే ఈనాడు కాలేజీలో చేరుతున్న పిల్లలు పోలియో కాలం దాటినవాళ్లు. వాళ్లలో ప్రమాదాల వల్ల, నరాల కండరాల జబ్బుల వల్ల, చూపు వినికిడి తగ్గటం వల్ల, మనోవ్యాధుల వల్ల ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే 2016 నాటి చట్టం 21 రకాలను గుర్తించింది. అందులో కంటికి కనిపించనివీ ఉన్నాయి. మనోవ్యాధితో ఒక ఏడాది చదువు ఆపుకున్న పిల్ల చేతిలో చంక కర్ర ఉండదు, అంతమాత్రాన ఆమె కష్టం తక్కువ కాదు. ఈ వ్యాసంలోని చాలా మాటలు ఆమెకూ వర్తిస్తాయి.

ఇంట్లో వినిపించే మాటలు

మన ఉదాహరణలోని ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి.

మొదటిది జేజి మాట: "యాడికి పోతావు పాపా ఈ కర్రలేసుకోని? పోయి పడితే ఎట్ల?" ఇది భయం. భయానికి విలువ ఇవ్వవలసిందే. అయితే పడతామన్న భయం మగపిల్లవాడి విషయంలోనూ ఉండాలి గదా! 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వాళ్లలో మగవాళ్లలో సుమారు 62 శాతం మంది అక్షరాస్యులైతే, ఆడవాళ్లలో సుమారు 45 శాతం మంది మాత్రమే. కాళ్లు ఇద్దరికీ ఒకలాగే నొప్పి పుడతాయి, మెట్లు ఇద్దరికీ ఒకే ఎత్తు. మరి ఈ తేడా ఎక్కడిది? భయమని మనం పిలిచేదాంట్లో కొంత భాగం "ఆడపిల్లే గదా" అన్న ఆలోచన అని ఒప్పుకోక తప్పదు.

రెండోది బంధువుల మాట: "పెండ్లికని దాచింది ఆస్పత్రికి పోయె. ఇంక చదివి ఏం చేయాల?" ఇది ఖర్చు లెక్క. ఈ లెక్కను తిరగవేసి చూడాలి. కాళ్ల బలంతో చేసే పనులు ఆమెకు కష్టమైనప్పుడు, తలతో చేసే పని నేర్పే చదువు ఆమెకు ఇతరులకంటే ఎక్కువ అవసరమా, తక్కువ అవసరమా? ఇంకొక సంగతి. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది. ఆ పింఛను వస్తూ ఉంటే, అది ఆమె డబ్బు. చీటీలకూ ఎరువులకూ పోకుండా ఆటో ఖర్చుకు, పుస్తకాలకు ఆమె చేతిలోనే ఉంచితే కాలేజీ ప్రయాణంలో పెద్ద ఇబ్బంది ఒకటి తీరుతుంది.

మూడోది చదువుకున్న మేనమామ మాట: "ఇంట్లో కూర్చోని దూరవిద్యలో కట్టమ్మా, డిగ్రీ డిగ్రీయే." దూరవిద్య మంచిదే. 1982లో మన తెలుగుదేశంలోనే దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. ఈనాడు దాన్ని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. ఎందరో గృహిణులు, ఉద్యోగులు దాని వల్ల పట్టభద్రులయ్యారు. కాని ఆ దారిని ఆమె కోరుకోవటం వేరు, కాలేజీ మెట్లు మనకు బరువనిపించి ఆమెను ఆ దారికి నెట్టటం వేరు. కాలేజీలో పాఠం ఒక్కటే ఉండదు. ల్యాబు ఉంటుంది, గ్రంథాలయం ఉంటుంది, పోట్లాడుకునే స్నేహితురాలు ఉంటుంది. ఏడాదిన్నర నాలుగు గోడల మధ్య ఉన్న పిల్లకు ఇవన్నీ మందులాంటివి.

వేలూరు డాక్టరమ్మ

మన జిల్లా నుంచి పెద్ద జబ్బులకు వేలూరు పోవటం అలవాటే. ఆ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే ఆమె ఉండేవారు. 1925లో కేరళ దేశంలో పుట్టారు. వైద్య విద్య పూర్తి చేసి పనిలో కుదురుకుంటున్న వయసులో, 1954లో, వాళ్లు వెళ్తున్న వాహనం బోల్తాపడి ఆమె వెన్నెముక దెబ్బతిన్నది. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. శస్త్రచికిత్స చేసే డాక్టరు నిలబడి చేయాలని గదా మన ఊహ! కాని కుష్ఠు రోగుల చేతులు సరిచేసే శస్త్రచికిత్సను కూర్చుని చేయవచ్చు. డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెను ఆ పనికి ప్రోత్సహించారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. తరువాత ఆస్ట్రేలియా, అమెరికా వెళ్లి పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చి, వేలూరులో ఆ శాఖను నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరిచారు. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను ధైర్యానికి ఉదాహరణగా చెప్పటం సులువు. ధైర్యం ఉంది, నిజమే. అయితే దీంట్లో చూడవలసింది ఇంకొకటి ఉంది. ఆమె కాళ్లు బాగుపడేదాకా ఆగుదామని ఎవరూ అనలేదు. ఆమె కూర్చున్న ఎత్తుకు పనిని తెచ్చారు. మనిషిని పనికి తగినట్టు విరిచి వంచటం కాక, పనిని మనిషికి తగినట్టు సర్దటం. దీన్నే ఈనాటి చట్టం "సముచితమైన సర్దుబాటు" అన్న అర్థంలో చెబుతుంది.

ప్రిన్సిపాల్ గదిలో ఎవరు మాట్లాడాలి?

నాయన, కూతురు కాలేజీకి పోయారనుకుందాం. ప్రిన్సిపాల్ గారు కుర్చీ చూపించి, నాయన వైపు తిరిగి "పాపకు ఏం కావాల?" అని అడుగుతారు. పక్కనే కూర్చున్న పాపను అడగరు. అగౌరవం ఉద్దేశం కాదు. అది మన అలవాటు. ఆ నిమిషంలో నాయన చేయవలసిన పని ఒకటే. "పాపే చెప్తాది సార్" అని ఊరుకోవటం. వినటానికి ఇది చిన్న విషయం. నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రవాడి సంగతి ఇక్కడ చెప్పాలి. 1953లో, 14 ఏళ్ల వయసులో, అతనికి పోలియో వచ్చింది. మెడ కింద దాదాపు ఏదీ కదలదు. ఊపిరికి కూడా యంత్రం కావాలి. హైస్కూలు చదువు ముగిసినప్పుడు, వ్యాయామం, కారు నడిపే శిక్షణ పూర్తి చేయలేదు గనుక పట్టా ఇవ్వమన్నారు! తల్లి జోనా రాబర్ట్స్, కొడుకు కలిసి స్కూలు బోర్డుదాకా పోయి గెలిచారు. 1962లో అతను బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. అతని ఊపిరి యంత్రం పట్టే హాస్టలు గది లేక, విశ్వవిద్యాలయ ఆస్పత్రిలోనే ఒక గది ఇచ్చారు. అతన్ని చూసి మరికొందరు చేరారు. వాళ్లందరూ కలిసి 1970లో వికలాంగ విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం, 1972లో ఊళ్లో ఒక స్వతంత్ర జీవన కేంద్రం నెలకొల్పారు. ఇతను ఎన్నటికీ పని చేయలేడని ఒకప్పుడు తేల్చేసిన కాలిఫోర్నియా పునరావాస శాఖకు 1975లో అతనే డైరెక్టరు అయ్యాడు.

ఆ తల్లి కొడుకుతో పాటు పోట్లాడింది. అతన్ని ఇంట్లో కూర్చోబెట్టి తానొక్కతే పోట్లాడలేదు. మన తల్లిదండ్రులు గమనించవలసిన తేడా ఇది.

కాబట్టి కాలేజీకి పోకముందే ఇంట్లో కూర్చుని ఒక అర్జీ రాసుకోవాలి. రాయవలసింది కూతురు. అది బతిమాలినట్టు ఉండకూడదు, బెదిరించినట్టూ ఉండకూడదు. మాదిరికి ఇట్లా ఉండవచ్చు:

"అయ్యా, నేను బి.ఎస్‌సి. రెండవ సంవత్సరంలో చదువు ఆపవలసి వచ్చింది. మళ్లీ చేరదలచుకున్నాను. నేను చంక కర్రలతో కొద్ది దూరం నడవగలను, మెట్లు ఎక్కలేను. గంటకు మించి రాయలేను. కాబట్టి మా తరగతి కింది అంతస్తులో పెట్టవలెనని, ల్యాబులో ఎత్తు తక్కువ బల్ల ఒకటి ఏర్పాటు చేయవలెనని, పరీక్షల్లో నాకు అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సౌకర్యం కల్పించవలెనని కోరుతున్నాను. నా వైకల్య ధ్రువపత్రం నకలు జతపరిచాను."

అంతే. ఏమి చేయగలనో ఒక వాక్యం, ఏమి చేయలేనో ఒక వాక్యం, ఏమి కావాలో ఒక వాక్యం. నకలు ఒకటి మన దగ్గర పెట్టుకుని, అందినట్టు ఆఫీసులో ముద్ర వేయించుకోవాలి.

పిల్ల కాలువ తెగితే

పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు మనకు తెలిసిందే. రిజర్వాయరు నిండా నీళ్లున్నా, తోట గట్టు దగ్గర పిల్ల కాలువ తెగితే చీనీ చెట్టు ఎండిపోతుంది. కాలేజీ సంగతి కూడా అంతే. సీటు ఉంది, చట్టం ఉంది, పుస్తకాలున్నాయి. ఇంటి గడప నుంచి తరగతి బల్లదాకా ఉన్న దారిలో ఎక్కడో ఒకచోట మూడడుగులు తెగిపోతే చదువంతా అక్కడే ఆగిపోతుంది.

అందువల్ల కాలేజీ తెరవకముందే ఒకరోజు నాయన, కూతురు ఆ దారిని మొదటి నుంచి చివరిదాకా పోయి చూడాలి. ఇంటి ముందు వీధి. బస్సు ఆగే చోటు. బస్సు మెట్టు. పులివెందుల బస్టాండు నుంచి కాలేజీ గేటు. గేటు నుంచి తరగతి. తరగతి నుంచి బాత్రూము. ఒక్కొక్క చోట "ఇక్కడ ఏం చేయాల?" అని రాసుకోవాలి.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. సంతోషించవలసిన విషయమే. కాని టికెట్టు పోయినంత మాత్రాన బస్సు మెట్టు ఎత్తు తగ్గలేదు, రద్దీ కూడా తగ్గలేదు. ఇక్కడ పరిష్కారం ఊళ్లోనే దొరుకుతుంది. అదే కాలేజీకి పోయే ఇద్దరు ఆడపిల్లలు రోజూ ఆమెతో అదే బస్సు ఎక్కటం, కండక్టరుకు, డ్రైవరుకు ముందుగా చెప్పి ముందు సీటు చూపించుకోవటం. పరీక్షల రోజుల్లో మాత్రం ఆటో మాట్లాడుకోవటం. రోజూ నాయనే బండి మీద దింపితే నెల రోజులు బాగానే ఉంటుంది. అరటి గెలలు కోసే రోజు, నీళ్ల తడి రోజు ఆమె చదువు ఆగిపోతుంది. ఒక్కడి మీద ఆధారపడిన ఏర్పాటు ఏర్పాటు కాదు.

మెట్లు, బాత్రూము

ఇప్పుడు కాలేజీ పని. ర్యాంపు అంటే సిమెంటు పోసిన ఏటవాలు అని చాలామంది అనుకుంటారు. దానికి లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ఆరు అంగుళాల మెట్లు మూడు ఉంటే మొత్తం ఎత్తు అడుగున్నర. ర్యాంపు పొడవు 18 అడుగులు కావాలి. అంత చోటు లేదని ఆరడుగుల్లో కట్టేస్తే అది జారుడుబల్ల అవుతుంది. చక్రాల కుర్చీ ఎక్కదు, దిగేటప్పుడు మనిషినే పడేస్తుంది. పక్కన పట్టుకోవటానికి కమ్మీ ఉండాలి. తలుపు సందు మూడడుగులు ఉండాలి. కుర్చీ తిరగటానికి అయిదడుగుల చోటు కావాలి.

డబ్బు లేదంటారా? డబ్బు లేకుండా అయ్యే పని ఒకటుంది. టైంటేబులు రాసేటప్పుడు ఆ తరగతిని పై అంతస్తు నుంచి కిందికి మార్చటం. దానికి ఒక సుద్దముక్క ఖర్చు.

ఇక బాత్రూము. ఈ మాట సావనీరులో రాయవచ్చునా అని కొందరికి సంకోచం కలగవచ్చు. రాయాలి. వాడుకోదగ్గ బాత్రూము లేని చోట ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండి సాయంత్రం ఇంటికి వచ్చి తాగుతారు. మామూలు పిల్లలకే ఇది చేటు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు మూత్ర సంబంధమైన ఇన్ఫెక్షన్లు త్వరగా వస్తాయి, ప్రమాదకరంగా కూడా మారతాయి. చదువు మానటానికి ఆ అమ్మాయి ఇంట్లో ఈ కారణం చెప్పదు. "తలనొప్పిగా ఉందమ్మా, ఈరోజు పోను" అంటుంది. నాలుగు రోజులు అట్లా అయితే అమ్మ అడగాలి. ఒక కమోడు, గోడకు రెండు కమ్మీలు, బయటికి తెరుచుకునే తలుపు, లోపల నీళ్లు: ఇంతే కావలసింది. ఆ గదికి తాళం వేసి తాళం చెవి ఆఫీసులో పెట్టకూడదు. ఇది ముఖ్యం.

చట్టం ఏమంటుంది?

1995 నాటి వికలాంగుల చట్టం విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు కేటాయించమంది. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ కాలేజీలు, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ఉంచాలి. వయోపరిమితిలో 5 ఏళ్ల సడలింపు ఇవ్వాలి. ఇంకా గొప్ప మాట ఒకటి ఆ చట్టంలో ఉంది: సముచితమైన సర్దుబాటు నిరాకరించటం కూడా వివక్ష కిందికే వస్తుంది. అంటే "మేము ఎవరినీ కాదనలేదు, ఆమే ఎక్కి రాలేకపోయింది" అనటం చెల్లదు. 2017 డిసెంబరు 15న సుప్రీంకోర్టు కూడా ఉన్నత విద్యాసంస్థలు 5 శాతం సీట్ల నియమం పాటించి తీరాలని, భవనాలు, బోధన అందరికీ అందేట్టు ఉండాలని ఒక కేసులో ఆదేశించింది.

పరీక్షల సంగతి. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలన్నాయి. మూడు గంటల పరీక్షకు ఒక గంట ఎక్కువ. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసింది. అతను వైద్యవిద్య చదివినవాడు. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బు. 40 శాతం వైకల్యం లెక్కకు రాదని సివిల్ సర్వీసు పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వలేదు. 40 శాతం అన్న గీత రిజర్వేషన్ల కోసమే గాని, పరీక్షలో సర్దుబాటుకు అది అడ్డు కాకూడదని కోర్టు చెప్పింది. మన ఉదాహరణలోని అమ్మాయి కుడి చేతికి ఈ తీర్పు అండ. నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక ఏ ఏటి ఉత్తరువు ఆ ఏడు చూసుకుని, పరీక్షకు నెల ముందే దరఖాస్తు పెట్టాలి. హాలు టికెట్టు వచ్చాక పరుగెత్తితే పని కాదు.

హక్కు కోసం కోర్టుదాకా పోయిన తెలుగు పిల్లవాడు కూడా ఉన్నాడు. మచిలీపట్నం దగ్గరి శ్రీకాంత్ బొల్లా పుట్టుకతోనే అంధుడు. పదో తరగతి తరువాత సైన్సు చదవటానికి వీల్లేదన్నారు. న్యాయస్థానంలో గెలిచి సైన్సు చదివి, అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పట్టా పొంది, తిరిగి వచ్చి 2012లో పరిశ్రమ పెట్టాడు. అయితే ప్రతి పిల్లా కోర్టు మెట్లు ఎక్కవలసి రావటం మన కాలేజీలకు గౌరవం కాదు. ముందు కాలేజీతో మాట్లాడాలి. అక్కడ కాకపోతే విశ్వవిద్యాలయానికి, ఆ తరువాత వికలాంగుల రాష్ట్ర కమిషనరుకు రాసుకోవచ్చు.

పోయిన చదువు పోయినట్టేనా?

"మొదటి ఏడాది చదివింది అంతా వృథా గదా" అని ఆమె దిగులు. కాకపోవచ్చు. యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పద్ధతి తెచ్చింది. బ్యాంకులో డబ్బు దాచినట్టు, పాసైన పేపర్ల క్రెడిట్లు విద్యార్థి పేర జమ అయి ఉంటాయి. సాధారణంగా ఏడేళ్లదాకా చెల్లుతాయి. తన క్రెడిట్లు జమ అయ్యాయా లేదా అని ముందు చూసుకోవాలి. తరువాత మళ్లీ చేరటానికి విశ్వవిద్యాలయం అనుమతి, మారిన సిలబస్, హాజరు మినహాయింపు గురించి ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. ఆస్పత్రి కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టుకోవాలి. సదరం ధ్రువపత్రం లేకపోతే ముందుగా ఆ పని చూడాలి.

మొదటి సెమిస్టరులోనే అన్ని పేపర్లూ పూర్తి చేయాలని పట్టుపట్టనవసరం లేదు. ఏడాదిన్నర మంచం మీద ఉన్న ఒంటికి రోజంతా బల్ల మీద కూర్చోవటమే పెద్ద పరీక్ష. మొదటి నెలలో అలసిపోయి "నావల్ల కాదు" అంటుంది. ఆ మాట పట్టుకుని "మేము ముందే చెప్పలా!" అనకూడదు. ఒకరోజు విశ్రాంతి ఇచ్చి మరుసటి రోజు బస్సు టైము గుర్తుచేయాలి.

విద్యార్థి మిత్రులకు

మన యూనియన్ ఎన్నికల్లో ఎన్నో వాగ్దానాలు చేస్తాం. వార్షికోత్సవంలో వికలాంగ విద్యార్థినికి శాలువా కప్పి సన్మానం చేద్దామంటాం. ఆ వేదికకు ఆరు మెట్లుంటాయి! నలుగురు కుర్రవాళ్లు ఆమెను కుర్చీతో సహా ఎత్తి పైన పెడతారు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ నిమిషంలో ఆ అమ్మాయి ముఖం చూసినవాడికి ఆ చప్పట్ల అర్థం తెలుస్తుంది. శాలువా వద్దు, వేదికకు ర్యాంపు పెట్టండి.

చేయవలసినవి చిన్న పనులే. ఆమె కుర్చీని అడగకుండా తొయ్యవద్దు. చంక కర్రలు దూరంగా పెట్టవద్దు. రాని రోజున నోట్సు పంపండి, వచ్చిన రోజున ఆమె నోట్సు అడిగి తీసుకోండి. విహారయాత్రకు "నీకు కష్టంలే" అని మీరే నిర్ణయించవద్దు. అడగండి, రానంటే ఊరుకోండి. "పాపం" అన్న మాట ఆమె వినేట్టు గాని, వినకుండా గాని అనవద్దు. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని పేర్లు మారుస్తూ వచ్చాం. ఆమెకు ఒక పేరుంది, హాజరు పట్టీలో ఉంది. దాంతోనే పిలవండి.

అమ్మ సంగతి

చివరిగా ఎవరూ లెక్కలో వేయని మనిషి గురించి ఒక మాట. ఈ ఏడాదిన్నరలో రాత్రిళ్లు లేచి పక్క మార్చింది అమ్మ. స్నానం చేయించింది అమ్మ. కూతురు కాలేజీకి పోవాలంటే తెల్లవారక ముందే లేవవలసింది అమ్మే. ఆమె నడుం విరిగితే కూతురి చదువు ఆగిపోతుంది. అందువల్ల పని పంచుకోవటం కూడా చదువులో భాగమే. తమ్ముడు నీళ్లు కాచవచ్చు, నాయన సద్ది కట్టవచ్చు. కూతురు తనకు సాధ్యమైనంత తానే చేసుకోవటానికి వీలుగా ఇంట్లో బాత్రూముకు ఒక కమ్మీ, గడప దగ్గర ఒక పలక వేయవచ్చు. కాలేజీకి ర్యాంపు అడిగే ముందు మన ఇంటి గడప ఎంత ఎత్తుందో చూసుకోవటం న్యాయం.

ఇంకొకటి. ఇన్నాళ్లూ ప్రతి నిమిషం కూతురి పక్కనే ఉన్న అమ్మకు, ఆమె బస్సు ఎక్కిపోయిన మొదటి రోజు ఇల్లు బోసిగా ఉంటుంది, గుండె దడదడలాడుతుంది. గంటకొకసారి ఫోను చేయాలనిపిస్తుంది. చేయకపోవటమే మేలు. ఆ రోజు ఆమె ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుంది, ల్యాబులో ఏదో పగలగొడుతూ ఉంటుంది, ఎవరి మీదనో కోపం తెచ్చుకుని ఉంటుంది. కాలేజీ అంటే అదే గదా!

కాబట్టి తల్లిదండ్రులారా, "చూద్దాంలే" అనకండి. "ఎప్పటి నుంచి పోతావు, ఏమేమి కావాల?" అని అడగండి. అధ్యాపకులారా, వచ్చే ఏటి టైంటేబులు రాసేటప్పుడు కింది అంతస్తులో ఒక గది ఉంచండి. మిత్రులారా, పొద్దున బస్సులో ముందు సీటు ఒకటి ఆపండి. ఆమె వస్తుంది.